ముందు సీట్లో నాన్న కోటు

వ్యాను తీసే ముందు టైర్లు నాలుగూ కాలితో తన్ని చూడడం ఆ ఇంటి పెద్దదానికి అలవాటు. స్కూలు బస్సు నడిపే మనిషి, రోజూ పిల్లల్ని ఎక్కించుకునే ముందు చేసే పనే. ఆ పొద్దున మాత్రం ఒక్కో టైరుకి రెండేసి తన్నులు ఎక్కువ పడ్డాయి.

"టైరేం చేసిందే నిన్ను?" అంది అత్త, ఒక చేత్తో సంచీ, ఇంకో చేత్తో దిండు పట్టుకుని తలుపు దగ్గర నిలబడి.

"అదేం చెయ్యలేదత్తా. చేసినవాళ్ళని తన్నలేక."

ముందు సీట్లో అప్పటికే కోటు కూర్చుని ఉంది. నారింజ రంగు కోటు, వీపు మీదా చేతుల మీదా మెరిసే పట్టీలు, మెడ దగ్గర తాడుకి విజిలు. లోపల మనిషి లేడు. భుజాలు మాత్రం మనిషున్నట్టే నిటారుగా ఉన్నాయి. ఎడమ చెయ్యి కిటికీ మీద ఆనించుకుని వీధిలోకి చూస్తోంది. అమ్మ దాని ఒళ్ళో మంచినీళ్ళ సీసా పెట్టి, "జారనివ్వకు," అంది. కోటు చెయ్యి వచ్చి సీసా మీద వాలింది.

"నాకు వెనక సీటు పడదు, కడుపులో తిప్పుతుంది. ముందు నేను కూర్చుంటా," అంది అత్త.

"అక్కడ నాన్న కూర్చున్నాడు కదత్తా," అన్నాడు తమ్ముడు.

"నాన్న కాదు, కోటు," అంది పెద్దది.

"రెండూ ఒకటేలే అక్కా. పొద్దున్నే మొదలెట్టకు."

తమ్ముడు వాటర్ ఫిల్టర్లు అమ్ముతాడు. ఇంట్లో ఏ సందర్భం వచ్చినా దాన్ని కూడా అలాగే అమ్ముతాడు. ఈ ప్రయాణానికి అందరికీ తెల్ల టీషర్టులు తెప్పించి, "మా నాన్నే మా నాయకుడు" అని గుండెల మీద అచ్చు వేయించాడు. పెద్దదానికి ఇచ్చిన దాంతో ఆమె వ్యాను అద్దం తుడిచింది. అద్దం మెరిసింది.

సంగతేమిటంటే, ఆ ఊళ్ళో తప్పిపోయినవాళ్ళని వెతికే దళం ఒకటుంది. మతి తప్పి గడప దాటిన ముసలివాళ్ళు, అలిగి పారిపోయిన పిల్లలు, పరీక్ష పోయిందని కొండెక్కి కూర్చున్న కుర్రాళ్ళు, ఎవరు కనపడకపోయినా ఫోను మోగేది ఈ ఇంట్లోనే. ముప్పై ఏళ్ళకి పైగా దళానికి నాయకుడు నాన్న. జీతం లేదు, సెలవు లేదు, అంతా సేవే. ఆ పనిలో ఆయన్ని వేలెత్తి చూపే సాహసం పెద్దది కూడా చెయ్యదు. మనుషుల్ని చెయ్యి చాపినంత దూరంలో వరసగా నిలబెట్టి నడిపించడం, ఒకసారి పిలిచాక అందరి నోళ్ళూ మూయించి చెవులు రిక్కించడం, బెదిరిన పిల్లలు పిలిస్తే పలకరని, ఇంకా లోపలికి నక్కుతారని తెలిసి లారీల కిందా మంచాల కిందా పాకడం, ఇవన్నీ ఆయన నేర్పిన విద్యలే. ఇప్పుడు మోకాళ్ళు అరిగి దిగిపోతున్నాడు. దిగిపోయే నాయకుడికి సన్మానం, ఆ వంకన కుటుంబమంతా కలిసి కొండ మీద గెస్ట్‌హౌస్‌లో రెండ్రోజులు.

కొండే ఎందుకంటే, దళం నాయకుడు పిలుపొస్తే గంటలో చేరగలిగినంత దూరం దాటి పోకూడదు. అందుకని ఈ కుటుంబం చేసిన ప్రయాణాలన్నీ ఆ కొండకే. పెద్దదానికి నలభై వచ్చాయి. సముద్రాన్ని సినిమాల్లో చూసింది.

ఇక కోటు సంగతంటారా, ఆ వీధిలో దాన్ని ఎరగనివాళ్ళు లేరు. పెద్దదానికి ఏడేళ్ళప్పుడు స్కూల్లో నాటకం వేస్తే, చూడ్డానికి నాన్న రావాల్సింది. కోటు వచ్చింది. తలుపు తోసుకుని వచ్చి మూడో వరసలో కూర్చుంది. నాటకం అయ్యాక ఖాళీ చేతులు రెండూ కలిపి చప్పట్లు కొట్టింది. చప్పుడు రాలేదు. టీచరు దగ్గరికొచ్చి, "మీ అమ్మాయి గొంతు బావుందండీ," అని కోటుతో చెప్పి పోయింది. అప్పట్నుంచి పుట్టినరోజులకి కోటు, స్కూలు మీటింగులకి కోటు, తమ్ముడి చెయ్యి విరిగితే కట్టు కట్టించుకు రావడానికి కోటు. పెద్దది సైకిలు నేర్చుకున్నది కోటు వెనకనుంచి సీటు పట్టుకుంటేనే. అమ్మ కడుపులో కణితి తీసిన రోజు ఆపరేషన్ గది బయట బెంచీ మీద పొద్దుటినుంచి సాయంత్రం దాకా కదలకుండా కూర్చున్నదీ కోటే. నాన్న ఆ రోజు ఎవరి తాతనో వెతుకుతున్నాడు. తాత దొరికాడు. మర్నాడు పేపర్లో ఫొటో, ఉత్త చొక్కాతో చలిలో నాన్న, ఆయన వీపు మీద ముసలాయన. "పాపం, కోటు పెళ్ళాం దగ్గరికి పంపి తాను చలిలో వణికాడు, ఎంత ప్రేమో చూడు," అని ఊరంతా కళ్ళు తుడుచుకుంది. ఆ మాటకి పెద్దదాని ఒళ్ళు మండింది. ఆ మంట ఇప్పటికీ ఆరలేదు.

అమ్మకి మాత్రం కోటుతో పేచీ లేదు. "మీ నాన్న కంటే అదే నయమే. ఎదురు చెప్పదు, ఉప్పు తక్కువైందనదు," అనేది. సాయంత్రాలు దానిచేత బఠాణీలు ఒలిపించేది. పిల్లలు ముగ్గురూ తమ గోడంతా కోటుకే వెళ్ళబోసుకునేవాళ్ళు. చెప్పింది నాన్నకి చేరుతుందో లేదో ఎవరికీ తెలీదు. చేరుతుందని తమ్ముడి నమ్మకం. చేరుతుందేమోనని చిన్నదాని ఆశ. పెద్దది ఆ రెండూ ఎప్పుడో వదిలేసింది.

వ్యాను ఊరు దాటింది. వెనక సీట్లో చిన్నది కిటికీకి తల ఆనించుకుని, గోళ్ళ కింద ఇరుక్కున్న గులాబీరంగు మైనం గీరుకుంటోంది. అది పళ్ళ సెట్లు తయారుచేస్తుంది. మైనంతో చిగుళ్ళు అచ్చు పోసి, ఒక్కో పన్నూ నిలబెట్టి, మనిషి నవ్వు మనిషికి తిరిగిచ్చే పని. దూరాన రాజధానిలో పెద్ద పళ్ళాసుపత్రి వాళ్ళు దాని పని చూసి రమ్మన్నారు. సోమవారం పొద్దున చేరాలి. చేరకపోతే వరసలో తర్వాతి మనిషిని పిలుస్తారు. ఆ మాట ముందు కోటుకి, తర్వాత అక్కకి చెప్పింది. నాన్నకి ఎలా చెప్పాలా అని మాటలు కూడదీసుకుంటూ ఉండగానే తమ్ముడు బ్యానరు తెచ్చి హాల్లో పరిచాడు. బ్యానరు మీద దాని ఫొటో, కింద "కొత్త నాయకురాలికి స్వాగతం."

"దాన్ని అడక్కుండా ఫొటో ఎవరు వెయ్యమన్నార్రా?" అంది పెద్దది, అద్దంలోంచి తమ్ముణ్ణి చూస్తూ.

"అడిగేదేముందక్కా? నాకు పిల్లలు, నీకు డ్యూటీ. దానికేం బాదరబందీ ఉంది? ఇంట్లోనే కదా ఉండేది. నాన్న పేరు నిలబడుతుంది."

"ఆయన పేరు నిలబడ్డానికి ఇది కూలబడాలా? సోమవారం నుంచి గంట దూరం దాటకూడదు. ఆ ఉద్యోగం ఇక్కడికి నడిచొస్తుందా?"

"ఏం మాటలే అవి!" అత్త అందుకుంది. "మా తమ్ముడు దేవుడు. ఎన్ని ఇళ్ళల్లో దీపం పెట్టాడు! అలాంటివాడి కడుపున నీలాంటి నోరు పుట్టింది చూడు."

"అత్తా, నన్ను తిడుతున్నది చిన్నది చేసిచ్చిన పళ్ళతోనే. అవి తీసేస్తే 'దేవుడు' అనడానికి నీ నోట్లోంచి గాలి తప్ప ఏమీ రాదు."

అత్త నోరు టక్కున మూసుకుంది. పళ్ళ చప్పుడు వ్యానంతా వినపడింది. అమ్మ కిటికీ వైపు తిరిగిపోయింది, భుజాలు అదురుతున్నాయి.

"వదిలెయ్యక్కా," అంది చిన్నది మెల్లిగా. "నాన్నకి తెలిసే ఉంటుంది. కోటుకి చెప్పాగా. చెప్తే తల నిమిరింది."

"అది ఎప్పుడూ తలే నిముర్తుంది. దానికి వచ్చింది అదొక్కటే."

ముందు సీట్లో కోటు కాలరు కొంచెం కిందికి వంగింది. పెద్దది చూసి కూడా చూడనట్టు గేరు మార్చింది.

గెస్ట్‌హౌస్ హాల్లో దళం వాళ్ళంతా ముందే చేరి కుర్చీలు వేసి, బ్యానరు కట్టి, మైకు సరిచేస్తున్నారు. కాసేపటికి జీపు దిగి నాన్న వచ్చాడు. మోకాళ్ళ దాకా బురద, చొక్కా మీద ఇంకేమీ లేదు. తెల్లారుజామున ఇటుకల బట్టీ వెనక ఒక ముసలమ్మని వెతికి పట్టుకున్నాడట. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. ఆయన అమ్మ దగ్గరికొచ్చి, "బాగున్నావా?" అన్నాడు, పక్కూరి బంధువుని పలకరించినట్టు. అమ్మ, "ఆ, బానే ఉన్నా. మీరు?" అంది.

కాళ్ళు కడుక్కోవడానికి ఆయన వంటగది వెనక కుళాయి దగ్గరికి పోతే, పెద్దది వెంటపడింది.

"చిన్నదాన్ని అడిగావా?"

"ఏమడగాలి తల్లీ? దానికి ఇష్టమే. చిన్నప్పుడు నా విజిలు ఊదుకుంటూ ఇల్లంతా తిరిగేది."

"తిరిగేదని నీకెవరు చెప్పారు? నువ్వు చూశావా?"

"మీ అమ్మ చెప్పింది."

"దానికి రాజధానిలో ఉద్యోగం వచ్చింది. సోమవారం చేరాలి. ఈ మాట కోటుకి చెప్పి వారమైంది."

ఆయన కుళాయి కింద పాదాలు రుద్దుకుంటూనే ఉన్నాడు. బురద పోయి చాలాసేపైంది.

"నిన్నే. చెప్పింది నీకు చేరదా?"

"చేరుతుంది," అన్నాడు, తలెత్తకుండా. "తొడుక్కుంటే చేరుతుంది."

పెద్దదానికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక కుళాయికి ఇంకా దగ్గరికి వచ్చింది.

"తొడుక్కుని ఎన్నాళ్ళయింది?"

"నీకు పదేళ్ళప్పుడనుకుంటా. మొదట్లో తొడుక్కునేవాణ్ణి. తొడగ్గానే మీరు అన్నవన్నీ వచ్చేవి. ఒకసారి అడవిలో వెతుకుతున్నాం. జిప్పు పెట్టానో లేదో నీ గొంతు. 'ఏడింటికి వస్తాడా, ఎనిమిదింటికా? భోజనం చల్లారిపోతోంది,' అని కోటుని అడుగుతున్నావు. అంతే, ఇంకేం లేదు. దానికే కాళ్ళు ఆడలేదమ్మా. అరగంట చెట్టు కింద కూర్చుండిపోయాను. ఆ రోజు వెతికిన మనిషి ప్రాణాలతో దొరకలేదు." కుళాయి కట్టేశాడు. "ఆ తర్వాత తొడుక్కోలేదు. వాళ్ళకి నేను కావాలి కదా."

"మరి మాకో?"

"మీకు కోటు ఉందిగా."

తిట్టడానికి పెద్దదాని దగ్గర మాటలకి కొదవ లేదు. ముప్పై ఏళ్ళుగా నూరి పెట్టుకున్నవి ఉన్నాయి. వాటిని పక్కన పెట్టింది. చలిలో వణికాడని ఊరు ఏడ్చిందే, ఆ చలి ఆయన కోరి తెచ్చుకున్నది. ఇంటి మాట చెవిన పడకుండా ఉండడానికి కట్టుకున్న గోడ. ఆ గోడకి ఇప్పుడు సన్మానం. ఆ గోడ పొడుగునా చిన్నదాన్ని కాపలా పెడతారట.

"హాల్లోకి పద నాన్నా," అంది. "అందరూ చూస్తున్నారు."

సభ మొదలైంది. తమ్ముడు మైకు ముందు నిలబడి చలి కథే చెప్పాడు. అత్త అందరికంటే ముందు ఏడ్చింది. తర్వాత దళం కార్యదర్శి లేచింది. మందులషాపు నడిపే మనిషి, మాట్లాడితే మాత్రలు లెక్కపెట్టి ఇచ్చినట్టే ఉంటుంది, ఎక్కువా తక్కువా ఉండదు. దళంలో నాయకత్వం ఎలా మారుతుందో కొత్తవాళ్ళ కోసం చెప్పింది. దిగిపోయేవాళ్ళు కోటు చివరిసారి తాము తొడుక్కుని, విప్పి, వచ్చేవాళ్ళకి తొడిగి, గొంతు దాకా జిప్పు తమ చేత్తోనే ఎక్కించాలి. మాటిస్తే మారదు. జిప్పు ఎక్కాక మారుతుంది. ఇక అక్కణ్ణించి వెనక్కి పోవడం ఉండదు.

చిన్నదాన్ని వేదిక మీదికి పిలిచారు. అది వెళ్ళి నిలబడి, స్కూలుకి తయారుచేస్తున్న పిల్లలా రెండు చేతులూ ముందుకి చాపింది.  నాన్న కుర్చీలో కూర్చున్న కోటుని భుజాలు పట్టి లేపాడు. తాను తొడుక్కోలేదు. నేరుగా చిన్నదాని వైపు విప్పి పట్టాడు.

"నాన్నా, ముందు నువ్వు!"

బస్సులో వెనక సీటు అల్లరి మూకని అదుపు చేసే గొంతు అది. హాలు మొత్తం తిరిగి చూసింది.

"చివరిసారి నువ్వు తొడుక్కోవాలిట కదా. తొడుక్కో. ఇంత ప్రేమగా చూసుకున్న కోటు, ఊరంతా చూడొద్దూ?"

"అవునండీ, అది తప్పదు," అంది మందులషాపావిడ.

చప్పట్లు మొదలయ్యాయి. "తొడుక్కోవాలి! తొడుక్కోవాలి!" అని తమ్ముడే అందరికంటే గట్టిగా అరిచాడు. నాన్న పెద్దదాని వంక చూశాడు. తప్పించమని అడుగుతున్న చూపు అది. పెద్దది చూపు తిప్పుకోలేదు, రెప్ప వెయ్యలేదు.

ఆయన ఒక చెయ్యి దూర్చాడు. రెండో చేతిని కోటే లోపలికి లాక్కుంది. జిప్పు దానంతటదే గొంతు దాకా ఎక్కింది.

"ఈ దళం నా..." అని మొదలెట్టి ఆగిపోయాడు. మైకు పట్టుకున్న చెయ్యి మెల్లిగా కిందికి దిగింది. ఎవరో వెనకనుంచి మాట్లాడుతుంటే వింటున్నట్టు తల పక్కకి వంచాడు. మోకాళ్ళు మడిచి వేదిక మెట్టు మీద కూర్చున్నాడు.

"ఎనిమిదింటికి వస్తానమ్మా," అన్నాడు, ఎవరితోనో. "నువ్వు తినేసెయ్."

హాల్లో ఎవరికీ బోధపడలేదు. బోధపడిన మనిషి మూడో వరసలో చేతులు కట్టుకుని కూర్చుని ఉంది.

కాసేపు చూసి తమ్ముడు జిప్పు మీద చెయ్యి వేశాడు. దిగలేదు. కొవ్వొత్తి రుద్దాడు. అత్త, "సబ్బు పెట్టరా, సబ్బు," అంటే సబ్బు పెట్టాడు. పట్టకారు తెచ్చి లాగితే పట్టకారు జారి వాడి వేలు నలిగింది. చిన్నది చేతులు చాపి అలాగే నిలబడి ఉంది, దించమని ఎవరూ చెప్పలేదు మరి.

"జిప్పు దిగందే పదవి దిగదు," అంది మందులషాపావిడ. "ఇవాళ్టికి మార్పు లేదు."

అదే సమయానికి నాన్న జేబులో ఫోను మోగింది. మోగుతూనే ఉంది. వినే చెవులు ఆయనకి లేవు. మందులషాపావిడే వంగి ఫోను తీసుకుంది. సంతలో మూడేళ్ళ పిల్ల కనపడ్డం లేదట. ఆవిడ తన విజిలు తీసి ఊదింది. ఫలహారాల పళ్ళేలు ఎక్కడివక్కడ వదిలి దళమంతా జీపులెక్కింది. ముప్పై ఏళ్ళలో మొదటిసారి ఆయన లేకుండా కదిలింది. కదలడానికి ఏ ఇబ్బందీ పడలేదు.

"ఇంకా ఎంతసేపే ఆ చేతులు?" అంది పెద్దది చెల్లెలి దగ్గరికి పోయి. "దించు. సంచీ తెచ్చుకో. కొండ కింద మూడింటికి బస్సుంది."

"ఇలా వదిలేసా? నాన్న ఏడుస్తున్నాడక్కా."

"ఏడవనీ. ఆయన బాకీ పడ్డ ఏడుపే."

అత్త అడ్డం వచ్చింది. "తండ్రి ఇలా ఉంటే ఎక్కడికే పంపుతావు దాన్ని? రాయివే నువ్వు."

"రాయినే అత్తా. తప్పుకో, తగిలితే నొప్పి పుడుతుంది."

అమ్మ చిన్నదాని చేతిలో ఉడికించిన గుడ్లు, రొట్టె మూటగట్టి పెట్టింది. దాని బుగ్గ గిల్లి, "వెళ్ళు," అంది.

బస్సు ఎక్కే ముందు చిన్నది మెట్టు మీద ఆగింది. "నా వల్లేనా అక్కా, నాన్నకి అలా?"

"నీ వల్ల కాదు. నా వల్ల. నాకేం దిగులు లేదు. ఎక్కు."

"దళం ఎవరు చూస్తారు మరి?"

"చూస్తూనే ఉన్నారుగా. ఆ సంతలో పిల్ల దొరికిందట, ఇప్పుడే ఫోను వచ్చింది. బియ్యం బస్తాల వెనక నిద్రపోతోందట. నువ్వు లేకుండానే దొరికింది, ఆయన లేకుండానే దొరికింది. ఎక్కవే, డ్రైవరు నిన్ను తిట్టుకుంటున్నాడు. మా డ్రైవర్ల జాతి సంగతి నాకు తెలుసు."

చిన్నది ఏడుస్తూనే నవ్వింది. బస్సు మలుపు తిరిగేదాకా కిటికీలోంచి దాని చెయ్యి కనపడుతూనే ఉంది, గోళ్ళ కింద మైనంతో సహా.

పెద్దది తిరిగొచ్చేసరికి పొద్దు వాలుతోంది. తమ్ముడు బ్యానరు విప్పి, ఫొటో లోపలికి వచ్చేలా మడత పెడుతున్నాడు.  నాన్నని వరండాలోకి తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు. కళ్ళు మూసుకుని, కోటులో ముడుచుకుని, పెదాలు కదుపుతున్నాడు. ఆయన ఎదురుగా, మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా, అమ్మ ఇంకో కుర్చీ వేసుకుని కూర్చుంది.

"లోపలికి రా అమ్మా, చలి పెడుతోంది."

"రాను. నా మాటలు కూడా ఉన్నాయి అందులో," అంది అమ్మ, ఆయన మొహం మీంచి చూపు తిప్పకుండా. అంత గట్టి గొంతు అమ్మకి ఉందని పెద్దదానికి అప్పటిదాకా తెలీదు. "అవి వచ్చినప్పుడు ఈ మొహం ఎలా ఉంటుందో చూడాలి."

"ఎక్కడిదాకా వచ్చాడు?"

"ఎక్కడ ఆపాడో అక్కణ్ణించే మొదలైంది. ఇప్పుడు నీకు పదమూడో ఏడు నడుస్తోంది. నేను ఊళ్ళో లేను. నువ్వు మొదటిసారి నెత్తురు చూసుకుని బాత్‌రూంలో గడియ వేసుకుని కూర్చున్నావు చూడు, ఆ రోజు."

ఆ రోజు తలుపు బయట నిలబడ్డది కోటు. తలుపు కింది సందులోంచి ఒక తువ్వాలు లోపలికి తోసింది. లోపల ఒక పిల్ల, చచ్చిపోతున్నాననుకుని, నాన్నా నాన్నా అని తలుపుతో చెప్పుకుంది.

నాన్న కుర్చీలో ముందుకి వంగాడు. వేళ్ళు మడిచి గాల్లో రెండుసార్లు తట్టాడు.

"తలుపు తియ్యి తల్లీ," అన్నాడు. "నేనే. వచ్చాను."

"తియ్యను," అంది పెద్దది.

ఆయన ఇంకోసారి తట్టాడు. పెద్దది పక్కనున్న కుర్చీని బరబరా లాక్కొచ్చి అమ్మ కుర్చీ పక్కన వేసి కూర్చుంది.

"ఎంతసేపు నిలబడతాడో చూద్దాం," అంది.